గరిసె నిండ, దొమ్మి తేకు

సిద్దిపేట సాలెవాడలో అంజవ్వకు రెండు పేర్లుండేవి. ఎదురుగా ఉంటే అంజవ్వ, అటు తిరిగితే డప్పు. ఆమె చెవిన పడ్డ సంగతి పొయ్యి మీది జొన్నగటక ఉడికేలోగా వాడంతా తిరిగొచ్చేది. అందుకే ఆ పేరు. పెట్టింది ఎదురింటి పోచవ్వ. ఆ సంగతి అంజవ్వకు తెలుసు, దానికి ఆమెకు కోపం కూడా లేదు. "డప్పు లేకుంటె మీకు పెండ్లి తెలువది, సావు తెలువది" అని నవ్వేది.

మొగుడు కలరా గత్తరలో పోయాడు. పిల్లలు లేరు. మగ్గం మీద కూర్చునే మనిషి లేక మగ్గం గుంతను మట్టితో పూడ్చేసింది. నూలు దుకాణం దుబ్బయ్య దగ్గర నూలు తెచ్చి, రాట్నం మీద కండెలు చుట్టిచ్చి, వచ్చినదాంతో ఒక్క కడుపు నింపుకునేది. అంజవ్వకున్న ఆస్తల్లా నోరేనని వాడకట్టు ఎగతాళి. ఆ నోటి పుణ్యానే ఒక మఠం ఈ ఊళ్లో వేళ్లూనుకుంది. నమ్మనివాళ్లు నమ్మకపోతే పోనీ, జరిగింది మాత్రం అదే.

పంతొమ్మిది వందల నలభయ్యో సంవత్సరం, చలి ఇంకా పోలేదు. సికింద్రాబాదు బస్సులో ఇద్దరు తెల్లదొరసానులు దిగారు. ఒళ్లంతా తెల్లబట్ట, నెత్తిన నల్లముసుగు. ఇటలీ దేశపు మఠకన్యలు. పెద్దామె తెరేజా, నలభై దాటిన గట్టి మనిషి. చిన్నామె లూచియా, ఇంకా చెక్కిళ్ల ఎరుపు తగ్గని పిల్ల. ఈ దేశంలో వాళ్ల మఠకన్యల సభకు అప్పటికి ఉన్నవి ఒకటో రెండో ఇళ్లు. దవాఖాన లేని ఊళ్లో దవాఖాన పెట్టమని సభ పెద్దలు వీళ్లను పంపారు. పద్మశాలి కులపెద్ద రాజమల్లయ్యకు అంజవ్వ ఇంటిని ఆనుకొని ఒక పెంకుటిల్లు ఖాళీగా ఉంటే, దాన్ని కిరాయికి తీసుకున్నారు. గూళ్లలో సీసాలు సర్దారు. గోడకు నీలంకొంగు కప్పుకున్న తల్లి పటం ఒకటి తగిలించారు. తలుపులు బార్లా తెరిచి కూర్చున్నారు.

ఈగలు వచ్చాయి. రోగులు రాలేదు.

సూదులు గుచ్చి నెత్తురు తీస్తారని ఒకరు, పిల్లల్ని ఓడలెక్కిస్తారని ఒకరు. దుబ్బయ్య అయితే, ఆ సీసాల్లో ఉన్నది మందు కాదు, మతం కలిపే నీళ్లని ఒట్టేసి చెప్పాడు. ఆడవాళ్లు ఆ ఇంటి ముందు నుంచి పోవాల్సివస్తే చంకలోని పిల్లను అవతలి చంకకు మార్చుకునేవాళ్లు.

కానీ గోడకు చెవులుంటాయంటారే, ఆ గోడకు నిజంగానే అంజవ్వ చెవి ఉంది. రోజూ పొద్దూకే వేళ సిస్టర్లు దీపం పెట్టి పాట పాడేవాళ్లు. "ఆవే మరియా" అని మొదలయ్యేది. వాళ్ల నోట అది లాటిను ప్రార్థన, వందనం మరియా అని. గోడకు ఇవతల, సాలెవాడ చెవికి, అది "అవ్వే మరియ". ఇక్కడ అవ్వ అంటే కన్నతల్లి. పొద్దూకేసరికి ఇద్దరు ఆడపిల్లలు గొంతు సన్నగా తీసి అవ్వా అవ్వా అంటుంటే అంజవ్వకు ముద్ద దిగలేదు. నాలుగు రోజులు ఓర్చుకుంది. ఐదోనాడు నీళ్ల బిందెతో ఎదురైన లూచియాను దారిలోనే ఆపేసింది.

"బిడ్డా, మరియ అంటె మీ అవ్వనా?"

లూచియాకు అప్పటికి వచ్చిన తెలుగు పది ముక్కలు. అందులో అవ్వ ఒకటి. ముఖం విప్పారింది. "అవ్వ! అవును. మరియ, మా అవ్వ."

"ఇద్దరికీ ఒక్కతే అవ్వనా?"

"ఒక్కతే."

"యాడున్నదే తల్లీ?"

లూచియా బిందె దించి, చూపుడు వేలు ఆకాశం వైపు ఎత్తింది.

అంజవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ చెయ్యి తియ్యగానే డప్పు మోగింది. "అవ్వ సచ్చిపోయిందట! అక్కాచెల్లెండ్లు ఆగమై దేశంగాని దేశం వచ్చిన్రు. పెండ్లి చేసే దిక్కు లేదు. ఆళ్లు పాడుతలేరే, రోజు పొద్దూకంగ అవ్వను యాదిచేసి ఏడుస్తున్నరు!" సిస్టరు అంటే అక్కాచెల్లెలని అమీను కచేరీ పోలీసు జవాను ఎవరో చెప్పి ఉన్నాడు, ఇక అనుమానం ఎవరికి?

చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి తెచ్చి పెట్టాలి. ఇన్ని రోజులూ ఆ ఇంటి పొయ్యి వాళ్లే వెలిగించుకున్నారని, వాడ వాడంతా ఉండీ ఒక్కరూ తొంగి చూడలేదని తెలిసి ఆడవాళ్లకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే పోచవ్వ గటక గిన్నెతో ముందు నడిచింది, వెనక పచ్చిపులుసులూ మజ్జిగ చెంబులూ నడిచాయి. లోపలికి పోవడమే ఆలస్యం, పోచవ్వ లూచియాను కౌగిలించుకొని శోకం అందుకుంది. "అవ్వను బాసిన బిడ్డా, ఎట్లుంటవే..." అంటూ వచ్చినవాళ్లందరూ గొంతు కలిపారు.

లూచియా బిత్తరపోయింది. ఓడ ఎక్కిననాటి నుంచి ఆ పిల్ల ఏడుపును పళ్ల బిగువున ఆపుకుని ఉంది. ముక్కూ మొహం తెలియని ఆడది గుండెకు హత్తుకొని వీపు నిమురుతుంటే ఆపుకోలేక బావురుమంది. జెనోవా అనే ఓడరేవు ఊళ్లో వదిలొచ్చిన తల్లి కోసం మనసారా ఏడ్చింది. తెరేజా మాత్రం, ఇది ఈ దేశపు స్వాగతం కాబోలనుకొని అందరికీ దండాలు పెట్టింది.

ఆ ఏడుపుల మధ్యే పోచవ్వ కొడుకు నెత్తి మీది పుండ్లు తెరేజా కంట పడ్డాయి. నీళ్లు కాచింది. కడిగి మందు రాసింది. శోకానికి వచ్చిన పోచవ్వ ఇది గమనించి ఏడుపు ఆపి, రెండో పిల్లగాడిని కూడా తేవడానికి ఇంటికి పరుగెత్తింది. సిద్దిపేటలో ఆ మఠం దవాఖాన మొదలైంది ఆ గడియ నుంచే.

వానలు పడేనాటికి తెరేజాకు తెలుగు అబ్బింది. అబ్బింది అంటే అంజవ్వ తెలుగు అబ్బింది. అప్పుడు అసలు సంగతి విడమరిచి చెప్పింది. మరియ దేవుని తల్లి. తమ తల్లులు వేరు, ఎవరి తల్లి వాళ్లకు. ఇద్దరూ బతికే ఉన్నారు. లూచియా తల్లి పేరు కాతెరీనా.

అంజవ్వ లేచి, వాడలో ఎవరైనా విన్నారేమోనని తలుపు దగ్గరగా వేసింది. "కాతరవ్వ మంచిగుండాలె" అంది. "గని అక్కా, గీ సంగతి వాడల చెప్పకు. పెట్టిన గటక వాపసు అడుగుతరు." ఆ డప్పు మోగకుండా ఊరుకున్నది అప్పటికి ఆ ఒక్క విషయంలోనే.

ఆ చలికాలం రాజమల్లయ్య కోడలికి కాన్పు అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసింది. తెరేజా పోయి తల్లినీ పిల్లనూ దక్కించింది. రాజమల్లయ్య మాటంటే మాటే అనే మనిషి. కులపోళ్లందరినీ కూర్చోబెట్టి, "పొద్దూకంగ గా ఇంట్ల దీపం, పాట ఉన్నన్ని దినాలు ఇల్లు సిస్టర్లది. నాకు కిరాయి వద్దు. పాట ఆగిననాడు ఇల్లు నాది. కులం ముంగట చెప్తున్న" అన్నాడు. అప్పుడది అందరికీ దొడ్డ మాటగానే వినిపించింది. దాని రెండో సగం ఎవరూ పట్టించుకోలేదు.

లోకంలో అప్పటికే యుద్ధం నడుస్తోంది. ఇటలీ ఇంగ్లీషువాళ్ల మీద కత్తి కట్టింది. ఆడవాళ్లు, దవాఖానవాళ్లు కదా అని కొన్నాళ్లు చూసీచూడనట్టు వదిలేశారు. నలభై ఒకటిలో హుకుం రానే వచ్చింది. ఇటలీ వాళ్లందరినీ ఒక్కచోట కాపలాలో పెట్టాలట. కాగితం పట్టుకొచ్చిన అమీను నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. "మాఫ్ చెయ్యున్రి. సర్కారు దృష్టిల మీరు దుష్మన్లు" అన్నాడు. నెల కింద అతని కూతురు కళ్లకు మందు వేసింది ఈ దుష్మన్లే.

బస్సు ఎక్కే ముందు తెరేజా తాళంచెవి చేతిలో పట్టుకొని అటూ ఇటూ చూసింది. ఆమెకు రాజమల్లయ్య మాట రెండో సగం గుర్తుంది. ఇల్లు పోతే సభ ఈ ఊరికి మళ్లీ రాదు. రాయించుకున్న పత్రమేమీ లేదు, ఉన్నదల్లా మాటే.

అంజవ్వ ఆ తాళంచెవిని తానే లాక్కుంది. "మీరచ్చేదాక నేను పాడుత. గింత నోరు దేవుడు ఎందుకిచ్చిండు నాకు?"

ఆ పొద్దూకే వేళ తలుపు తీసి, దీపం పెట్టి, నీలంకొంగు తల్లి ఎదుట కూర్చుంది. అప్పుడు తెలిసింది, పాట తనకు రాదని. గోడకు ఇవతల నుంచి విన్నది తప్ప దగ్గర కూర్చొని నేర్చుకున్నది లేదు. మొదటి ముక్క తెలుసు, అవ్వే మరియ. తర్వాత వాళ్లు "గ్రాత్సియా ప్లేనా" అనేవాళ్లు. అంజవ్వకు వినిపించింది గరిసె. ధాన్యం పోసుకునే గరిసె. ప్లేనా అంటే ఏమిటో తెలియలేదు గాని, అవ్వ దగ్గర గరిసె సంగతి ఎత్తితే నిండాలనే కదా అడుగుతారు! ఆ తర్వాత "దోమినుస్ తేకుం". అది ఆలోచించే పనే లేదు. దొమ్మి తేకు. కొట్లాట తేవద్దు. వాళ్లను దేశం పట్టించి తీసుకుపోయింది దొమ్మే కాబట్టి అది తప్పకుండా అదే అయ్యుండాలి. మిగిలినదాన్ని రాట్నం తిప్పేటప్పుడు తీసే కూనిరాగంతో నింపేసింది.

"అవ్వే మరియ... గరిసె నిండ... దొమ్మి తేకు..."

కృపతో నిండినదానా, ప్రభువు నీతో ఉన్నాడు అని అసలు అర్థం. పండితులు నొచ్చుకుంటే నొచ్చుకోనీ. ఏ గుడిలోనైనా, ఏ మసీదులోనైనా, ఏ పటం ముందైనా మనిషి అడిగేది ఆ రెండే, తిండీ శాంతీ. అంజవ్వ దాన్ని తిన్నగా అడిగింది, అంతే తేడా.

వారం తిరగకుండానే పోచవ్వ మొదలుపెట్టింది. "కిరస్తానంల కలిసినవానే?"

"కలువలే. మాటిచ్చిన, పాడుతున్న. మన కులదేవుడు మార్కండేయునికి కోపమొస్తె నాతోని చెప్తడు గని నీతోని చెప్పి పంపుతడా?"

పోచవ్వకు ఆ పాటతో పేచీ, దుబ్బయ్యకు ఆ ఇంటితోనే పేచీ. యుద్ధంతో నూలుకు కరువొచ్చింది. మగ్గాలు మూలన పడుతున్నాయి. అలాంటప్పుడే నూలు దాచుకున్నవాడికి పండగ. దుబ్బయ్యకు గోదాము కావాలి. గట్టి గోడలు, గట్టి తలుపుల ఇల్లు సాలెవాడలో అదొక్కటే. రాజమల్లయ్యను అడిగితే, పాట ఉండగా మాట తప్పనన్నాడు. దాంతో అంజవ్వ దగ్గరికి వచ్చాడు.

"తాళంచెయి రాజమల్లయ్య మామకు ఇచ్చెయ్ అంజవ్వా. లేకుంటె రేపటి సంది నా నూలు నీ చేతికి రాదు."

"నీ నూలు నీ దగ్గర్నే పెట్టుకో సావుకారీ. తాళంచెయి నాదైతె ఇద్దును. నాది గాదు గద, ఎట్లిస్త?"

రాట్నం ఆగింది. జన్మంతా నీడపట్టున కూర్చొని కండెలు చుట్టిన మనిషి కలుపు తీయడానికి చేలబాట పట్టింది. అక్కడా ఒక చిక్కు. కూలివాళ్లు పొద్దు మునిగాక పని దిగుతారు. అంజవ్వ పొద్దు మునిగే లోపే ఇంట్లో ఉండాలి. ముందే పని దిగేది కాబట్టి మిగతావాళ్ల కొంగులో పడ్డన్ని కూలి జొన్నలు ఆమె కొంగులో పడేవి కావు. అవి దంచుకొని అంబలి కాచుకొని తాగేది. చెంపలు పీక్కుపోయాయి. గొంతు మాత్రం అలాగే ఉంది. వాడలో పిల్లలు ఆ పాట వింటూ నిద్రపోవడం అలవాటు చేసుకున్నారు. తల్లులు దాన్ని తమకు తెలియకుండానే నేర్చుకున్నారు.

రెండో ఏడు వానాకాలం. మధ్యాహ్నం దాకా ఎండ కాసింది, ఆ తర్వాత ఆకాశం చిల్లు పడ్డట్టు కురిసింది. అంజవ్వ పని దిగి వచ్చేసరికి వాగు ఒడ్డులు దాటి పొర్లుతోంది. ఊరు అవతల ఉంది. కొంగు బిగించి నీళ్లలో దిగబోతే తోటి కూలివాళ్లు రెక్క పట్టి ఇవతలికి లాగారు. "సస్తవా ఏంది, పాట కోసం!"

వెలుగు తగ్గుతోంది. నడుముకు కట్టుకున్న తాళంచెవిని తడుముకొని ఆమె ఏడ్చింది. తిట్టింది. వాననూ, వాగునూ, దుబ్బయ్యనూ, ఆఖరికి నీలంకొంగు తల్లిని కూడా తిట్టింది. ఆకలికి ఓర్చి, ఎండకు ఓర్చి నిలబెట్టుకున్న మాట ఒక్క వానకు కొట్టుకుపోతోందని వాగులోకి రాయి విసిరింది. ఒడ్డున నిలబడే ఊరి వైపు తిరిగి గొంతెత్తి పాడింది. అది లెక్కలోకి రాదని ఆమెకు తెలుసు. ఇంట్లో పాట ఉండాలి, వాగొడ్డున కాదు.

వాగు తగ్గి ఆమె ఊళ్లో అడుగు పెట్టేసరికి బాగా చీకటి పడింది. సాలెవాడ మలుపు తిరిగి, అక్కడే నిలబడిపోయింది.

సిస్టర్ల ఇంట్లో దీపం ఉంది. పాట ఉంది. ఒక గొంతు కాదు, వాడలోని ఆడవాళ్ల గొంతులన్నీ ఉన్నాయి.

జరిగింది ఇదీ. అంజవ్వ రాలేదని చూసుకొని దుబ్బయ్య రాజమల్లయ్యను వెంటబెట్టుకొచ్చి, వినండి మామా, పాట లేదు అని ఆ ఇంటి చూరు కింద నిలబెట్టాడు. ఎదురింటి పోచవ్వ అది చూసింది. తలుపుకు తాళం, తాళంచెవి వాగు అవతల. పోచవ్వ ఆ భారీ ఒళ్లేసుకొని, ఆ వానలో, అంజవ్వ పెరటి గోడ ఎక్కి అవతలికి దూకింది. దూకడంలో కాలు బెణికింది. కుంటుతూనే వెనక తలుపు బయటి గడియ తీసి దీపం ముట్టించింది. "ఏమే, సూస్తున్నరేంది, రాండ్రి!" అని వాడకట్టును కేకేసింది. వాళ్లూ ఆ పెరటి దారినే వచ్చి, కూనిరాగంతో సహా అంతా అంజవ్వ పాడినట్టే పాడారు.

దుబ్బయ్య ఊరుకోలేదు. "గిది పాటనా మామా? సిస్టర్లు గిట్లనే పాడిన్రా? గరిసెంట, దొమ్మంట! పాడేటిది సుత అంజవ్వ గాదు!"

రాజమల్లయ్య పాట పూర్తయ్యేదాకా విన్నాడు. "నేను పాట అన్న. ఏ పాటనో అన్లే, ఎవరు పాడాల్నో అన్లే" అన్నాడు. తర్వాత కండువా దులుపుకొని, "గరిసె నిండాలంటున్నరు, దొమ్మి రావద్దంటున్నరు. గిండ్ల నీకు ఏది గిట్టలే దుబ్బయ్యా?" అని అడిగాడు.

దొమ్మి మీదే నూలు అమ్ముకుంటున్న దుబ్బయ్య చూరు కింది నుంచి దిగి ఇంటిదారి పట్టాడు. అంజవ్వ నీళ్లోడుతూ వచ్చి పోచవ్వ పక్కన కూలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశారు. మర్నాటి నుంచి ఆ పాట అంజవ్వ ఒక్కదానిది కాదు.

సభ చరిత్ర రాసేవాళ్లు సిద్దిపేట దగ్గరికి వచ్చేసరికి, యుద్ధకాలంలో ఇల్లు మూతపడింది, తర్వాత తిరిగి తెరిచారు అని రాస్తే అది శుద్ధ అబద్ధం. ఆ ఇల్లు ఒక్క పొద్దూ మూతపడలేదు. దొరల దేశం నుంచి వచ్చిన సభను ఈ గడ్డ మీద నిలబెట్టింది గటక తాగే ఆడవాళ్లు. సాలెవాడ ఈ మాట తలెత్తి చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా.

నలభై నాలుగులో కాపలా ఎత్తేశారు. ఒక సాయంత్రం బస్సులో ఇద్దరూ దిగారు. తెరేజా వంగిపోయింది. లూచియా చెక్కిళ్ల ఎరుపు ఎక్కడా లేదు. అంజవ్వ తాళంచెవి తెరేజా చేతిలో పెట్టి, ఛాతీ విరుచుకొని నిలబడింది.

"పాట ఆగలే అక్కా. ఒక్క దినం సుత ఆగలే."

అలికిన నేలా, దుమ్ము పట్టని సీసాలూ, నూనె నిండిన దీపమూ చూసి తెరేజా అక్కడే మోకరిల్లింది. అంజవ్వ లూచియా వైపు తిరిగింది. "కాతరవ్వ మంచిగున్నదా బిడ్డా? యాడున్నదిప్పుడు?"

లూచియాకు ఇప్పుడు తెలుగు బాగా వచ్చు. అయినా చూపుడు వేలు ఆకాశం వైపు ఎత్తింది.

జెనోవా మీద విమానాలు బాంబులు వేశాయని, ఇల్లు కూలి తల్లి దాని కింద పోయిందని, కాపలాలో ఉండగా ఎప్పటికో కబురందిందని తెరేజా మెల్లగా చెప్పింది. అంజవ్వ ఈసారి డప్పు కొట్టలేదు. ఎదురింటికి పోయి పోచవ్వ ఒక్కదాని చెవిలో చెప్పి వచ్చింది.

పొద్దూకింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గోడ పొడుగునా కూర్చున్నారు. తెరేజా దీపం పెట్టి తమ లాటినులోనే ఎత్తుకుంది. వాడ తనకు వచ్చినట్టు తాను పాడింది. ఆవే మరియా, అవ్వే మరియ రెండూ కలిసిపోయాయి. గరిసె దగ్గర తెరేజా ఉలిక్కిపడి చూసింది, అర్థమై అంజవ్వ వైపు తలూపింది. దోమినుస్ దగ్గరికి వచ్చేసరికి లూచియా పాడడం ఆపేసింది. పాట ఆగింది. ఆమె ఆగిందని అందరూ ఆగారు.

లూచియా నీలంకొంగు తల్లిని చూస్తూ ఒక్కతే అందుకుంది.

"దొమ్మి తేకు."

తెరేజా దిద్దలేదు. "దొమ్మి తేకు" అని తానూ అంది.

ఆ పూట మఠంలో పొయ్యి వెలిగించలేదు. పోచవ్వ గటక తెచ్చి లూచియా ముందు పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంది.